ఒకే గేజీ, రెండు రిజిస్టర్లు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి సంతోషించాను. పరవాడలోని మీ బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో నాణ్యత వ్యవస్థనూ భద్రత వ్యవస్థనూ కలిపి ఒక్కటిగా నడిపే బాధ్యత నీకు అప్పగించారంటే, నీ పన్నెండేళ్ల పనిని వాళ్లు గమనించారన్నమాట. ఏడాదిలోగా రెండింటికీ కలిపి ఒకే ఆడిట్ జరగాలని యాజమాన్యం గడువు పెట్టిందనీ, మాన్యువల్ ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ రాశావు. తల్లీ, మాన్యువల్‌తో మొదలుపెట్టకు. ఎందుకో చెప్పాలంటే నేను ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పని ఒక సంగతి చెప్పాలి.

చాలా ఏళ్ల కిందట పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో నేను ప్రొడక్షన్ మేనేజర్‌గా ఉన్నాను. టోలీన్ అనే మండే ద్రావణిలో స్ఫటికీకరణ చేసి, సెంట్రిఫ్యూజ్‌లో వడగట్టి, ఆరబెట్టే సరుకు అది. తెల్లగా రావాలి. ఒక వర్షాకాలంలో ఒక బ్యాచ్ లేత మీగడ రంగులో వచ్చింది. క్యూసీ, అంటే నాణ్యత ప్రయోగశాల, చేసిన పరీక్షలో స్వచ్ఛత సరిపోయింది, రంగు మాత్రం అంచున ఉంది. పద్ధతి ఎక్కడో తప్పిందని డీవియేషన్ రాశారు. ముడిసరుకు కొత్త సరఫరాదారుడిది కాబట్టి కారణం అదేనని తేల్చి మూసేశారు. పది రోజులకు మరో బ్యాచ్ అలాగే వచ్చింది, అలాగే మూసేశారు. అదే రోజుల్లో సేఫ్టీ ఆఫీసర్ తన తనిఖీ రిజిస్టర్‌లో గాలి చొరబడకుండా సెంట్రిఫ్యూజ్‌లో నింపే నైట్రోజన్ పీడనం తక్కువగా ఉందని మూడుసార్లు రాశాడు. మెయింటెనెన్స్ వాళ్లు వచ్చి చూసేసరికి గేజీ మామూలుగానే ఉంది. ‘సరిచూశాం’ అని రాసి వాళ్లూ మూసేశారు. ఆ రెండు రిజిస్టర్లూ ఒకే వరండాకు రెండు వైపులా ఉన్న గదుల్లో ఉండేవి.

మూడో బ్యాచ్ నాటి రాత్రి సెంట్రిఫ్యూజ్‌లో మంట లేచింది. మూత ఎగిరిపోయింది. ఆపరేటర్‌కు కుడిచెయ్యి, మెడ కాలాయి. రెండు నెలలు ఆసుపత్రిలో ఉండి తిరిగొచ్చాడు కాని అతని రెండు వేళ్లు ఈనాటికీ పూర్తిగా ముడుచుకోవు.

విచారణలో తేలింది ఇది. అంతకు రెండు నెలల ముందు అదే నైట్రోజన్ లైనుకు కొత్త డ్రయ్యర్ కోసం ఒక శాఖ కలిపారు. డ్రయ్యరూ సెంట్రిఫ్యూజూ ఒకేసారి నడిచినప్పుడు మాత్రమే పీడనం పడిపోయేది, అందుకే పగటిపూట వచ్చి చూసినవాళ్లకు కనిపించలేదు. పీడనం పడినప్పుడు సెంట్రిఫ్యూజ్‌లోకి గాలి చొరబడేది. ఆ గాలిలోని ఆక్సిజన్ సరుకును ఆక్సీకరించి రంగు మార్చింది. అదే ఆక్సిజన్ టోలీన్ ఆవిరితో కలిసి, స్థిర విద్యుత్తు నిప్పురవ్వ కోసం కాచుకుని కూర్చుంది. ఆ మీగడ రంగే మాకు ముందుగా అందిన హెచ్చరిక. దాన్ని మేము నాణ్యత సమస్య అనుకున్నాం. ఇక ఆ శాఖ కలిపిన మార్పు ఫారం మీద నా సంతకం ఉంది, క్యూఏ, అంటే నాణ్యత హామీ విభాగం, సంతకం ఉంది. భద్రత గడిలో ‘వర్తించదు’ అని ఉంది. నైట్రోజన్ గొట్టమే కదా, అందులో ప్రమాదం ఏముంటుందని అప్పుడు అందరం అనుకున్నాం.

నీకు నేను చెప్పదలచినదంతా ఈ సంగతిలోనే ఉంది. నువ్వు కలపాల్సింది రెండు మాన్యువళ్లను కాదు. ఒకే గేజీని చూసి ఇద్దరు రెండు చోట్ల రాసుకుని, ఒకరి రాత ఒకరు చదవకుండా ఇంటికి వెళ్లిపోయే అలవాటు ఒకటుంది. దాన్ని మాన్పించడమే నీ పని.

ప్రమాణాల సంగతి త్వరగా ముగిస్తాను, అది నాకంటే నీకే బాగా తెలుసు. నాణ్యతకు ఐఎస్ఓ 9001 ప్రమాణం మొదట 1987లో వచ్చింది. భద్రతకు చాలాకాలం ఓసాస్ 18001 ఉండేది, 2018లో దాని స్థానంలో ఐఎస్ఓ 45001 వచ్చింది. ఐఎస్ఓ వాళ్లు 2012లో నిర్వహణ ప్రమాణాలన్నిటికీ పది అధ్యాయాల ఉమ్మడి చట్రం తెచ్చారు కాబట్టి నాయకత్వం, ప్రణాళిక, శిక్షణ, పత్రాల నియంత్రణ, అంతర్గత ఆడిట్, యాజమాన్య సమీక్ష రెండింటిలోనూ ఒకే వరుసలో ఉంటాయి. వాటిని కలపడం నెల రోజుల పని, ఒక మంచి సహాయకుణ్ని పెట్టుకుంటే అయిపోతుంది. 2015 సవరణ తర్వాత 9001 నాణ్యతా మాన్యువల్ తప్పనిసరి అనడం కూడా మానేసింది. అసలు కష్టం ఎనిమిదో అధ్యాయంలో, అంటే నిజంగా పని జరిగే చోట ఉంది. చాలా కంపెనీలు ఆ ముందూ వెనుకా అధ్యాయాలను చక్కగా కుట్టేసి, ఎనిమిదో దాన్ని రెండు ముక్కలుగానే వదిలేస్తాయి. సర్టిఫికెట్ వస్తుంది. షాప్‌ఫ్లోర్‌లో మాత్రం ఎవరికి వారే యమునా తీరే.

అందుకని మొదటి నెల ఏమీ రాయకు. ఒక ఉత్పత్తిని ఎంచుకో, దాని ఒక బ్యాచ్ వెంట నడువు. గోదాములో ముడిసరుకు డ్రమ్ము తెరిచినప్పటి నుంచి తయారైన డ్రమ్ముకు సీలు వేసేదాకా, రాత్రి షిఫ్టుతో సహా. పక్కన సేఫ్టీ ఆఫీసర్‌ను తప్పకుండా తీసుకెళ్లు. ప్రతి అడుగు దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: ఇక్కడ మనం కొలుస్తున్న అంకె సరుకు కోసమా, మనిషి కోసమా, ఇద్దరి కోసమా? మూడో రకం అంకెలు నువ్వు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ దొరుకుతాయి.

ఒక ఉదాహరణ చెప్తాను, ఇది నీ ఫ్యాక్టరీలో కూడా ఉండి తీరుతుంది. టెట్రాహైడ్రోఫ్యూరాన్, మనం టీహెచ్ఎఫ్ అంటాం. గాలి తగిలితే దానిలో పెరాక్సైడ్లు పుడతాయి, అవి పేరుకున్నాక స్వేదనం చేస్తే పేలవచ్చు. అందుకే అమ్మేవాళ్లు అందులో బీహెచ్‌టీ అనే స్థిరీకారకం కొద్దిగా కలిపి పంపుతారు. మనం వాడిన ద్రావణిని తిరిగి స్వేదనం చేసుకుంటాం కదా, అప్పుడు బీహెచ్‌టీ ఆవిరి కాదు, అడుగున మిగిలిపోతుంది. పైకి వచ్చిన టీహెచ్ఎఫ్‌ను క్యూసీ వాళ్లు పరీక్షిస్తే స్వచ్ఛత కొత్త దానికంటే బాగుంటుంది. ఆకుపచ్చ లేబుల్ అంటిస్తారు. కాని కాపలా తీసేసిన ఆ డ్రమ్ము కొత్త డ్రమ్ముకంటే ప్రమాదకరం. నాణ్యత కళ్లతో చూస్తే అది మెరుగైన సరుకు, భద్రత కళ్లతో చూస్తే ఎక్కువ రోజులు నిల్వ ఉంచకూడని సరుకు. మీ క్యూసీలో తిరిగి తీసిన టీహెచ్ఎఫ్ స్పెసిఫికేషన్ తెరిచి చూడు. పెరాక్సైడ్ పరీక్ష ఉందా, స్థిరీకారకం మళ్లీ కలిపారా, తిరిగి పరీక్షించాల్సిన తేదీ ఉందా? ఆ మూడు గళ్లూ ఉంటే ఆ ఒక్క కాగితంలో మీ రెండు వ్యవస్థలూ కలిసినట్టే.

మన విశాఖలోనే 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి బయటికి వచ్చి 12 మంది ప్రాణాలు పోయాయి. స్టైరీన్ తనంతట తాను పాలిమర్‌గా మారుతూ వేడి పుట్టించే ద్రవం. అది అలా మారకుండా టీబీసీ అనే నిరోధకం కలుపుతారు, చల్లగా ఉంచుతారు. లాక్‌డౌన్‌లో వాడకం ఆగిపోయి ట్యాంకులో నిల్వ ఉండిపోయింది. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ నిరోధకం లోపాన్నీ, ట్యాంకు పైభాగంలో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు లేకపోవడాన్నీ ఎత్తిచూపింది. ఆలోచించు తల్లీ. స్టైరీన్‌లో పాలిమర్ ఎంత శాతం, నిరోధకం ఎంత మిగిలింది అన్నవి ప్రయోగశాలలో సరుకు నాణ్యత చెప్పే అంకెలు. ట్యాంకు పక్క ఊరికి అవే ప్రాణాల అంకెలు. భోపాల్‌లో కూడా 610వ నంబరు ట్యాంకులో ఉన్న మిథైల్ ఐసోసయనేట్‌లో క్లోరోఫాం ఉండాల్సిన పరిమితికంటే చాలా ఎక్కువగా ఉందని తర్వాతి విచారణల్లో తేలింది. ఆ రాత్రికి కారణాలు వేరే అనేకం ఉన్నాయి, శీతలీకరణ ఆపేసి ఉంచడం వాటిలో ఒకటి. అయినా స్పెసిఫికేషన్ తప్పిన సరుకు ఒక ప్రమాదకర ట్యాంకులో కదలకుండా పడి ఉందన్న మాట నన్ను వదలదు. నేను 1985లో షిఫ్ట్ కెమిస్టుగా చేరాను. అప్పటికి భోపాల్ జరిగి ఏడాది కూడా కాలేదు. ఆ తర్వాత నేను ఏ రిజెక్టెడ్ డ్రమ్మునూ ఎర్ర లేబుల్ అంటించి మూలకు నెట్టి మరిచిపోలేదు. మీ గోదాములో ‘నిర్ణయం పెండింగ్’ అని ఉన్న ద్రావణి డ్రమ్ములు ఎన్ని నెలలుగా ఉన్నాయో లెక్క తీయించు. క్యూఏ సంతకం ఆలస్యమైనంత కాలం అది అగ్నిప్రమాదానికి దాచిపెట్టిన కట్టెలమోపే.

నడక అయ్యాక రెండో పని బ్యాచ్ రికార్డు, అంటే ఒక బ్యాచ్ తయారీని అడుగడుగునా రాసే కాగితం. ఆపరేటర్ చేతిలో నిజంగా ఉండే కాగితం అదొక్కటే. భద్రత సూచనలు వేరే ఫైలులో, గోడమీద పటంలో, శిక్షణ రిజిస్టర్‌లో ఉంటాయి, రాత్రి రెండింటికి వాటిని ఎవరూ తెరవరు. నువ్వు నాణ్యత నుంచి వచ్చినదానివి కాబట్టి క్లిష్టమైన పారామీటర్ అంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు: దానికి ఒక పరిమితి ఉంటుంది, చేసినవాడి సంతకం, చూసినవాడి సంతకం, సమయం ఉంటాయి. అదే గౌరవం భద్రతకు కీలకమైన అడుగుకు కూడా ఇవ్వు. ‘నైట్రోజన్ ఇచ్చి, ఆక్సిజన్ మీటరు పరిమితి లోపల చూపాకే సెంట్రిఫ్యూజ్ తిప్పాలి’ అన్నది పదమూడో అడుగు అయితే, ఆ అంకె రాసే గడి పదమూడో అడుగులోనే ఉండాలి. అది నిండకుండా పద్నాలుగుకు వెళ్తే డీవియేషన్. అంతే కాని ప్రతి పేజీలోనూ ‘చేతి తొడుగులు ధరించండి’ అని పదిసార్లు రాయకు. అన్నీ ముఖ్యమే అని రాస్తే ఏదీ ముఖ్యం కాకుండా పోతుంది. ఒక బ్యాచ్‌కు అలాంటి అడుగులు ఐదో ఆరో ఉంటాయి, వాటికోసం సేఫ్టీ ఆఫీసర్‌తో గట్టిగా వాదించి తేల్చుకో.

భాష సంగతి కూడా చూడు. మీ దగ్గర పనివాళ్లలో ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. బ్యాచ్ రికార్డు ఇంగ్లీషులో ఉంటుంది, తనిఖీదారుల కోసం అలా ఉండక తప్పదు. కాని ఆ ఐదారు అడుగులు వాళ్ల భాషలో, యంత్రం పక్కనే, చదవగలిగే అక్షరాల్లో ఉండాలి. శిక్షణ రిజిస్టర్‌లో సంతకం ఉంటే అర్థమైందని అనుకోకు. ‘ఈ మీటరు ఇంత చూపిస్తే ఏం చేస్తావు?’ అని యంత్రం దగ్గరే అడుగు. నేను చూసినంతలో ఇంతకు మించిన పరీక్ష లేదు.

మూడోది మార్పు ఫారం. నా సంతకం ఉన్న ఆ ఫారం గుర్తుంది కదా. ఒకే ఫారం పెట్టు, భద్రత గడిలో ‘వర్తించదు’ అని రాయడానికి వీలులేకుండా చెయ్యి. రాయాలనుకుంటే ఎందుకు వర్తించదో ఒక వాక్యం రాయాలి. గొట్టం, వాల్వు, సరఫరాదారుడు, బ్యాచ్ పరిమాణం, రెండు గంటల పనిని మూడు గంటలు చేయడం, ఏదైనా సరే. ముఖ్యంగా బ్యాచ్ పరిమాణం. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం జాక్సన్‌విల్‌లో టీ2 లేబొరేటరీస్ అనే చిన్న కంపెనీ ఉండేది. సోడియం లోహంతో నడిచే చర్య వాళ్లది. 42వ బ్యాచ్ దగ్గర పరిమాణాన్ని మూడో వంతు పెంచారు. సరుకు బాగానే వచ్చింది, కొన్నాళ్లు బ్యాచ్‌లు అలాగే నడిచాయి. 2007 డిసెంబరు 19న 175వ బ్యాచ్‌లో చల్లబరిచే నీరు అందక చర్య అదుపు తప్పి రియాక్టర్ పేలిపోయింది. నలుగురు చనిపోయారు. మన పరిశ్రమలో పరిమాణం పెంచితే పద్ధతి నిలకడగా ఉందని చూపే మూడు వ్యాలిడేషన్ బ్యాచ్‌లు చేసి, కల్మషాల చిత్రం సరిపోయిందని చూసి, సరే అంటాం. మూడు బ్యాచ్‌లు సరుకు గురించి చెప్తాయి. వేడి గురించి ఏమీ చెప్పవు. పుట్టే వేడి రియాక్టర్ ఘనపరిమాణంతో పెరుగుతుంది, దాన్ని తీసుకెళ్లే గోడ వైశాల్యం అంత వేగంగా పెరగదు. కాబట్టి ఆ ఫారంలో కల్మషాల నివేదిక పక్కనే క్యాలరీమీటరు నివేదిక కూడా ఉండాలి: చల్లబరచడం ఆగితే ఉష్ణోగ్రత ఎంతదాకా పోతుంది, ఎంత సమయంలో పోతుంది. అది లేకుండా సంతకం చెయ్యకు. ఎవరు ఒత్తిడి చేసినా చెయ్యకు.

ఇంతవరకు రెండూ ఒకే దిక్కు చూసే చోట్లు. ఇక రెండూ ఒకదానికొకటి ఎదురు నిలిచే చోట్లు ఉంటాయి. వాటిని దాచే వ్యవస్థకంటే వాటిని బయటపెట్టే వ్యవస్థ మంచిది. రియాక్టర్ కడిగాక లోపలి గోడను తుడిచి పరీక్షకు స్వాబ్ తీయాలి అని నాణ్యత అంటుంది. లోపలికి మనిషి దిగడమంటే ఊపిరితో ఆట అని భద్రత అంటుంది. నైట్రోజన్ నింపి ఉంచిన రియాక్టర్‌లో తల పెడితే వాసన కూడా రాదు, రెండు మూడు శ్వాసల్లో స్పృహ తప్పుతుంది. నేను పనిచేసిన ఒక చోట స్వాబ్ తీసే కుర్రవాడి దగ్గర రియాక్టర్ కడిగినట్టు రాసే రికార్డు ఉండేది, లోపలికి దిగే పర్మిట్ వేరే గదిలో ఉండేది. మేము చేసిందేమిటంటే, ముందు ‘దిగడం ఎందుకు?’ అని అడిగాం. కడిగిన నీటిని పరీక్షించడం, పొడవాటి పిడి ఉన్న స్వాబ్ వాడటం సరిపోతాయని చాలా రియాక్టర్లకు రుజువు చేయగలిగాం. మిగిలినవాటికి పర్మిట్ నంబరూ, ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గలేదన్న అంకె కూడా ఆ కడిగిన రికార్డులోనే రాయాలని పెట్టాం. అవి లేకపోతే రియాక్టర్‌కు ‘శుభ్రం’ లేబుల్ లేదు. క్యూఏ వాళ్లు మొదట గొణిగారు, తర్వాత అలవాటైంది.

చర్య మధ్యలో శాంపిల్ తీయడం కూడా అలాంటిదే. మ్యాన్‌హోల్ తెరిచి చెంబు ముంచి తీస్తుంటే ఆపరేటర్ ప్రతిసారీ ఆవిరి పీలుస్తాడు. ఒక ఉత్పత్తికి అరగంటకోసారి ఆరు శాంపిళ్లు తీసేవాళ్లం. ఎందుకని తవ్వితే, మొదటి వ్యాలిడేషన్‌లో ఎవరో జాగ్రత్త కోసం ఆరు పెట్టారు, తర్వాత ఎవరూ అడగలేదు. గత రెండేళ్ల ఫలితాలు చూసి రెండుకు తగ్గించాం, ఆ రెండూ మూసి ఉన్న పరికరంతో తీశాం. నాణ్యత ఏమీ తగ్గలేదు. పొడి సరుకు గదుల్లో ఒకటి తెరిస్తే మరొకటి తెరుచుకోని జంట తలుపులు ఉంటాయి కదా, వాటిని కూడా చూడు. అగ్నిమాపక గంట మోగగానే ఆ తలుపులన్నీ వాటంతట అవే విడిపోతాయా? కాగితం చూసి నమ్మకు, డ్రిల్ రోజున గంట మోగించి నువ్వే తలుపు తోసి చూడు.

ఇక అన్నిటికంటే కష్టమైన ఘర్షణ. ఒక రాత్రి రియాక్టర్‌లో వేడి పెరుగుతోంది. చల్లటి నీటిలోకి మొత్తం దించేస్తే ప్రమాదం తప్పుతుంది, లక్షల రూపాయల బ్యాచ్ పోతుంది. షిఫ్ట్ ఇన్‌చార్జి అనుమతి కోసం ఇరవై నిమిషాలు ఫోన్లు చేస్తూ గడిపాడు. నాకు చేశాడు, నేను ఎత్తేసరికి ఆలస్యమైంది. ఆ రాత్రి వేడి తనంతట తానే తగ్గింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు నాకు అన్నం సహించలేదు. ఆ ఇరవై నిమిషాలు అతని తప్పు కాదు, మేము ముందే నిర్ణయం రాసిపెట్టకపోవడం తప్పు. ఆ తర్వాత ప్రతి వేడి పుట్టించే చర్యకూ బ్యాచ్ రికార్డులో ఒక ఉష్ణోగ్రత రాశాం. అది దాటితే ఆపరేటర్ ఎవరినీ అడగకుండా దించేస్తాడు. అలా పోయిన బ్యాచ్‌కు డీవియేషన్ రాస్తాం కాని, అందులో అతని పేరు ‘కారణం’ అన్న గడిలోకి రాదు. నీ కొత్త వ్యవస్థలో ఇంకేమీ చేయలేకపోయినా ఈ ఒక్కటి చెయ్యి.

అలాగే నీ గురించి ఒక మాట. రెండు శాఖలూ ఒకరి కింద ఉండటంలో సౌకర్యం ఉంది, ప్రమాదమూ ఉంది. మందుల తయారీ నియమాల్లో నాణ్యతా విభాగం ఉత్పత్తి విభాగం నుంచి స్వతంత్రంగా ఉండాలని స్పష్టంగా ఉంది. ఎన్నో ఏళ్లు పోరాడి తెచ్చుకున్న స్వాతంత్ర్యం అది. సేఫ్టీ ఆఫీసర్‌కు చాలా చోట్ల అది లేదు, అతను ఫ్యాక్టరీ మేనేజర్ కిందో, హెచ్‌ఆర్ కిందో ఉంటాడు. కలపడమంటే నాణ్యత ఎత్తుకు భద్రతను లేపడం కావాలి, భద్రత ఎత్తుకు నాణ్యతను దించడం కాకూడదు. బ్యాచ్‌ను ఆపే అధికారం క్యూఏకు ఉన్నట్టే పనిని ఆపే అధికారం సేఫ్టీకి ఉందని ఎండీ సంతకంతో రాయించుకో. మొదటి నెలలోనే రాయించుకో. కొత్త పదవి ఇచ్చిన వేడిలో అడిగితే ఇస్తారు, ఆరు నెలల తర్వాత అడిగితే ఆలోచిస్తామంటారు.

రిస్కు అంచనాల్లో ఒక ఉచ్చు ఉంది, అందులో పడకు. మీ క్యూఏ వాళ్లు తీవ్రత, సంభావ్యత, గుర్తించే అవకాశం మూడింటినీ గుణించి ఒక అంకె తెస్తారు. సేఫ్టీ వాళ్లు ఐదు అడ్డం ఐదు నిలువు పట్టిక వాడతారు. కలపడం పేరుతో రెండింటినీ ఒకే కొలబద్దకు తెచ్చేద్దామని ఎవరో ఒక కన్సల్టెంట్ చెప్తాడు. అలా చేస్తే ఒక బ్యాచ్ రిజెక్ట్ కావడమూ ఒక మనిషి వేలు తెగడమూ ఒకే గడిలో కూర్చుంటాయి. గుణకారంలో ఇంకో మోసం ఉంది: అరుదుగా జరిగేదానికి అంకె చిన్నదవుతుంది, మనిషి చనిపోయేదైనా సరే. ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే పట్టికలో రాయండి, కాని రోగికి కలిగే హానికి ఒక గడి, పనివాడికీ చుట్టుపక్కల ఊరికీ కలిగే హానికి వేరే గడి ఉంచండి. వాటిని కూడకండి, గుణించకండి. ప్రాణం పోయే అవకాశం ఉన్న వరుసకు మొత్తం అంకె ఎంత వచ్చినా చర్య తప్పదని పట్టిక పైనే రాయండి.

రెండు శాఖల వాళ్లూ ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవాల్సింది చాలా ఉంది. మూల కారణం వెతకడం, దిద్దుబాటు నిజంగా పనిచేసిందా అని మూడు నెలల తర్వాత మళ్లీ చూడటం, వెనక్కి తిరిగి అంకెలు దిద్దకపోవడం నాణ్యత వాళ్లకు బాగా వచ్చు. సేఫ్టీ రిజిస్టర్లలో ‘సరిచూశాం’ అన్న మాటతో ఎన్ని మూసేశారో చూస్తే నీకే అర్థమవుతుంది. నాణ్యత వాళ్లకు అలవాటు లేనిది పనివాళ్లను అడగడం. ఐఎస్ఓ 45001లో పనివాళ్లతో సంప్రదింపుల కోసం ప్రత్యేకంగా ఒక భాగమే ఉంది, 9001లో అలాంటిది లేదు. మన దేశంలో భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణే ప్రమాదకర ప్రక్రియలున్న చోట కార్మికులూ యాజమాన్యమూ సమాన సంఖ్యలో ఉండే భద్రతా కమిటీ కావాలన్నది. ఆ కమిటీ ముందుకు నాణ్యత డీవియేషన్లు కూడా తీసుకెళ్లు. ఆ మీగడ రంగు బ్యాచ్‌లను మా కమిటీలో చూపించి ఉంటే, రాత్రి షిఫ్ట్ ఆపరేటర్ ఒకడు ‘డ్రయ్యర్ వేస్తే గేజీ పడుతుంది సార్’ అని ఒక్క మాటలో చెప్పేవాడు. అతనికి ఆ సంగతి తెలుసు. ఎవరూ అడగలేదు.

ప్రమాదాలు సున్నా అని బోర్డు రాసి బహుమతులు ఇచ్చే పద్ధతి మీ దగ్గర ఉంటే నెమ్మదిగా మార్పించు. 2005 మార్చి 23న టెక్సాస్ సిటీలో బీపీ రిఫైనరీ పేలి 15 మంది చనిపోయాక వేసిన బేకర్ కమిటీ 2007లో ఇదే చెప్పింది. మనుషులకు తగిలే చిన్న గాయాల లెక్క బాగుంది కాబట్టి ప్రక్రియ కూడా భద్రంగా ఉందని ఆ సంస్థ నమ్మింది. గాయాల లెక్కకు బదులు ప్రమాదంలో యంత్రాన్ని దానంతటదే ఆపే ఇంటర్‌లాక్‌లకు ఆలస్యమైన పరీక్షలు ఎన్ని, మళ్లీ మళ్లీ వచ్చిన డీవియేషన్లు ఎన్ని, గడువు దాటిన ద్రావణి డ్రమ్ములు ఎన్ని అన్నవి నెలనెలా చూడండి. చిన్న తప్పు తనంతట తాను చెప్పినవాణ్ని అందరి ముందు మెచ్చుకో. 2024లో అచ్యుతాపురం, 2025లో పాశమైలారం ఫ్యాక్టరీ ప్రమాదాలతో పేపర్లలో ఎలా వచ్చాయో నువ్వూ చూశావు. పత్రిక తెరిచిన ప్రతిసారీ మీ అత్తయ్య ముందు నీ ఫ్యాక్టరీ పేరు వెతుకుతుంది.

ఆడిట్ గురించి భయపడకు. అంతర్గత ఆడిట్‌కు ఒక క్యూఏ మనిషినీ ఒక సేఫ్టీ మనిషినీ జంటగా పంపు, ఒకరి ప్రశ్నలు మరొకరు అడగాలని నియమం పెట్టు. మూడు ఆడిట్లు అలా చేశాక బయటి ఆడిటర్ అడిగేవి నీకు కొత్తగా అనిపించవు. గడువు లోపల అన్ని ఉత్పత్తులకూ చేయలేకపోతే, బాగా చేసిన మూడింటిని చూపించి మిగతావాటికి తేదీలు చెప్పు. నిజాయితీగా చెప్పిన తేదీలను మంచి ఆడిటర్ గౌరవిస్తాడు.

దసరాకు మేమిద్దరం విశాఖ వస్తున్నాం. మీ యాజమాన్యం అనుమతిస్తే ఒక పూట ఫ్యాక్టరీకి వస్తాను. నాకు చూపించడానికి ఫైళ్లేమీ వద్దు. నైట్రోజన్ లైను డ్రాయింగ్ ఒకటి తీసి ఉంచు. డ్రాయింగ్ గదిలో ఉన్నది కాదు, ఈ నెలలో ఎవరైనా గొట్టం వెంట చివరిదాకా నడిచి గీసినది కావాలి. అంతలోగా రాత్రి షిఫ్ట్‌లో సెంట్రిఫ్యూజూ డ్రయ్యరూ ఒకేసారి నడుస్తున్నప్పుడు గేజీ ఎంత చూపిస్తుందో చూసి నాకు రాయి.

నీ
మామయ్య